సవరణ: ఫ్రాస్ట్–నిక్సన్ ఇంటర్వ్యూ లైవ్ కాదు

విజయవాడలో జర్నలిజం విద్యార్థులకు ఇంటర్వ్యూ మెళకువల మీద తీసుకున్న క్లాసు గురించి మొన్న ఇక్కడ రాశాను. అందులో 1977లో బ్రిటిష్ టీవీ జర్నలిస్టు డేవిడ్ ఫ్రాస్ట్ అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ను లైవ్‌లో, ఒకే సిట్టింగ్‌లో నిలదీశారని చెప్పాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

క్లాసుకు వచ్చిన గుంటూరు అమ్మాయి ఒకరు "సార్, అది రికార్డింగ్ కదా?" అని మెసేజ్ పెట్టింది. అప్పటి పత్రికా కథనాలు చూస్తే ఆమె మాటే నిజం. కాలిఫోర్నియాలోని ఓ ఇంట్లో వారాల తరబడి రికార్డు చేశారు. 28 గంటలకు పైగా వచ్చిన టేపులను ఎడిట్ చేసి, మే నెలలో నాలుగు భాగాలుగా ప్రసారం చేశారు. నిక్సన్‌కు 6 లక్షల డాలర్లు ఇచ్చారు, లాభాల్లో వాటా కూడా. ఇదీ చెప్పాల్సింది.

ఈ తేడా చిన్నది కాదు. ప్రకాశం బ్యారేజీ మీద మైకు పట్టుకుని లైవ్ ఇచ్చే కుర్రాడికి, నాయకుడు మాట దాటేస్తే మళ్లీ అడగడానికి అర నిమిషం కూడా ఉండదు. ఫ్రాస్ట్‌కు మరో రోజు ఉంది, ఆ మధ్యలో కాగితాలు తిరగేసుకునే తీరిక ఉంది. వచ్చే క్లాసులో ఈ రెండింటినీ విడివిడిగా ప్రాక్టీసు చేయిస్తాను.