హైదరాబాద్–చికాగో దూరం గారికి మనవి

మహారాజశ్రీ 13,280 కిలోమీటర్ల గారి సముఖానికి,

శంషాబాద్ నుంచి చికాగో విమానాశ్రయం ఓహేర్‌కి తమరి కొలత సుమారుగా ఇది. గోడమీది మెర్కేటర్ పటంపై, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచిన పటంపై, స్కేలు పెట్టి, సహారా మీదుగా అట్లాంటిక్ మీదుగా అడ్డంగా గీత గీసేవాళ్లకి 16,110 వస్తుంది. తమరు ముక్కుసూటి మనిషి. శంషాబాద్‌లో లేస్తూనే 348 డిగ్రీలకి, అంటే దాదాపు నేరుగా ఉత్తరానికి తిరుగుతారు. కజకిస్తాన్, ఉరల్ కొండలు దాటి, 79వ అక్షాంశం దగ్గర స్వాల్‌బార్డ్ దీవులకీ గ్రీన్‌లాండ్‌కీ నడుమ దారిలోని ఉత్తరపు కొస తాకి, అప్పుడు కిందికి జారతారు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే తమరి గుట్టు బయటపడుతుంది.

చిక్కేమిటంటే, ఆ దారం మీద విమానం నడవదు. 8,126 మీటర్ల నంగా పర్బత్ కొండకి ఓ అరవై కిలోమీటర్ల పడమరగా తమరు దర్జాగా దాటిపోతారు. తమరికి ఊపిరితో పనిలేదు కదా! కేబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ పదివేల అడుగులకి, అంటే మూడువేల మీటర్ల చిల్లరకి దిగాలి. ప్రయాణికుల తలమీద వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంట, మహా అయితే ఇంకాస్త. కింద అంతా ఏడెనిమిది వేల మీటర్ల కొండలైతే ఎక్కడికని దిగుతాడు? అందుకే చుట్టూ తిరుగుతారు. దానికి తోడు ఆకాశానికీ గేట్లున్నాయి: 2022లో అమెరికా సంస్థలకి రష్యా మూసింది, 2025 ఏప్రిల్‌లో మన సంస్థలకి పాకిస్తాన్ మూసింది. తమరు మాత్రం ఒక్క కిలోమీటరైనా పెరగలేదు.

తమరిని విమానం వేగమని గంటకి 900 కిలోమీటర్లతో భాగించి "14 గంటల 45 నిమిషాలు" అని చుట్టాలకి చెప్పేసి, వాళ్లని అంత పొద్దున్నే ఎయిర్‌పోర్టుకి తోలేవాళ్ల సంగతి సరేసరి. రన్‌వే దాకా పాకడం, పైకి ఎక్కేటప్పటి నెమ్మది, ఎదురుగాలి, ఇవేవీ ఆ భాగహారంలో ఉండవు.

దోహా మీదుగా వెళ్లేవాళ్లని ఊరంతా చుట్టొచ్చారని వెక్కిరిస్తారు గానీ, హైదరాబాద్–దోహా 2,910కి దోహా–చికాగో 11,460 కలిపితే 14,370. తమరి కన్నా 1,090 ఎక్కువ, గాల్లో గంటంబావు. మిగతా ఆలస్యమంతా దోహాలో కుర్చీమీదే.

ఇక తమరి మారువేషాలు. మామూలు మైళ్లలో 8,250, ఓడలూ విమానాలూ వాడే నాటికల్ మైళ్లలో 7,170. రెండోదాన్ని మామూలు మైళ్లనుకుని 1.609తో గుణించినవాడికి దారిలో 1,740 కిలోమీటర్లు మాయం. నాటికల్ మైలుకి 1.852 కిలోమీటర్లు అని తమరే నుదుటిమీద రాసుకుని తిరగరాదూ?

ఇట్లు,
కిటికీ సీటు విధేయులు

తా.క.: తమరిని సొంతంగా లెక్కగట్టేవాళ్లు చికాగో రేఖాంశం 87.9 ముందు మైనస్ పెట్టడం మరిచిపోతున్నారు. అప్పుడు తమరు 2,890 కిలోమీటర్లకి కుంచించుకుపోయి, చికాగో పోయి చైనాలోని షింజియాంగ్ ఎడారిలో దిగుతుంది. డిగ్రీల్ని రేడియన్లుగా, అంటే కోణాల మరో కొలతలోకి, మార్చనివాళ్లు ఎక్కడ దిగుతారో చెప్పడం తమరివల్ల కూడా కాదు.