పతనం చుక్కతో మొదలైంది

లెక్కల చదువు ఎప్పుడు చెడిందో చాలామందికి తెలియదు. మా తాతగారికి మాత్రం తేదీతో సహా తెలుసు: 1957 ఏప్రిల్ 1. ఆ రోజు నయాపైసలొచ్చి రూపాయికి వంద పైసలయ్యాయి. ఆ వెనకే కిలోలు వచ్చి వీశెల్ని మింగేశాయి. అంతకుముందు మూడు మణుగుల అయిదు వీశెల మిరపకాయలంటే, మణుగుకు 8 వీశెలు, వీశెకు 5 శేర్లు లెక్కన 145 శేర్లని ఆయన నోటితోనే తేల్చేసేవారు. ముప్పావు ఎక్కం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవారు. "ఇప్పుడేముందిరా, చుక్క జరపడమేగా!" అంటూ దశాంశ బిందువును చివరిదాకా క్షమించలేదు.

మా నాన్న ఆ చుక్కతోనే పెరిగారు. కాబట్టి చుక్కలో ఆయనకు తప్పు కనిపించలేదు, కాలిక్యులేటర్‌లో కనిపించింది. ఆయనది లాగ్ పట్టికల తరం. రెండు సంఖ్యలకూ లాగ్ వెతికి, కూడి, యాంటీలాగ్ చూస్తే గుణకారం అయిపోతుంది. అంటే ఎవరో ముందే లెక్కకట్టి అచ్చేసిన పుస్తకం చూసి, గుణించకుండా కూడికతో గట్టెక్కడం. అది బుర్రట. నేను బటన్ నొక్కితే బద్ధకమట.

నిజానికి నేను నొక్కింది బద్ధకంగా కాదు, గొప్ప నమ్మకంతో. సైన్ 30 అంటే అర అని పదో తరగతి పిల్లాడికీ తెలుసు. ఇంజినీరింగ్ పరీక్షలో నా మిషన్ కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లనే మరో కొలతలో తీసుకుని మైనస్ 0.988 అంది. అలాగే రాశాను. వాలుతలం మీది దిమ్మ కిందికి జారాల్సింది పోయి పైకి పాకింది. సప్లీ కూడా రాశాను.

ఇంత అనుభవం ఉన్నవాణ్ణి కనుకే, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఫోన్‌లో లెక్కలు చేస్తుంటే నా రక్తం మరిగింది. ఓ రోజు కిరాణా కొట్టు నుంచి వచ్చి, "నాన్నా, రెండు ప్లస్ మూడు ఇంటూ నాలుగు కొడితే కొట్లో కాలిక్యులేటర్ 20 అంటోంది, ఫోన్ 14 అంటోంది" అంది. నేను గొంతు సవరించుకునేలోపే, "కొట్లోది నొక్కింది నొక్కినట్టు చేసుకుపోతుంది, ఫోన్ ముందు గుణిస్తుంది. అంతే కదా?" అని తనే తేల్చేసింది. ఇంత ఆలోచించే పిల్ల చేతిలో ఫోన్ ఉండటం ప్రమాదమని వెంటనే లాక్కున్నాను.

ఈఏపీసెట్ ఒక్కటే కాస్త ఊరట. 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. కాలిక్యులేటర్ తేకూడదు, లాగ్ పట్టికలూ తేకూడదు. నన్నూ నాన్ననూ ఒకే గుమ్మం దగ్గర ఆపేశారు, తాతగారుంటే దర్జాగా లోపలికెళ్ళేవారు. సీటొచ్చాక సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొనుక్కోమంటారనుకోండి, గేట్ పరీక్షలో అయితే తెర మీద వాళ్ళే ఇస్తారు. అది వేరే సంగతి.

ఇంటర్ పేపర్లు పిల్లలు కాలిక్యులేటర్ లేకుండా రాస్తారు, మార్కులు పెద్దవాళ్ళు కూడతారు. పెద్దల కూడిక సరిగ్గా ఉందో లేదో చూడటానికి రీకౌంటింగ్ అని ఒకటుంది. ఫీజు పిల్లలే కట్టాలి. మా అన్నయ్య కొడుకు మూడు పేపర్లకు కడతానన్నాడు. "మొత్తం ఎంతవుతుందో నోటితో చెప్పరా!" అని గద్దించాను. చెప్పాడు.

సరిచూద్దామని అమ్మాయి ఫోన్ కోసం బీరువా తాళం తీశాను.