‘పెన్షన్లు పెంచితే సోమరులవుతారు’ అన్న ఫార్వర్డుకు నా జవాబు

ఒకటో తారీకు దగ్గర పడితే చాలు, తిరుపతి గ్రూపుల్లో ఒక మెసేజీ మళ్ళీ లేస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, వాకింగ్ గ్రూపు, దేన్నీ వదలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముసలివాళ్ళకు నెల నెలా ఇచ్చే పెన్షన్ మీద ఆ ఏడుపంతా. చూడనివాళ్ళ కోసం సారాంశం చెప్తా: ‘వయసులో కష్టపడి పనిచేసినవాడికి పెన్షన్ ఎలాగూ వస్తుంది, చేయనివాడు దాచుకోవాల్సింది. మన పన్నుల డబ్బు నెలకు 4,000 ఊరికే పంచితే ముసలివాళ్ళు సోమరులవుతారు, కన్నబిడ్డలు బాధ్యత వదిలేస్తారు, డబ్బంతా మందుషాపుకు పోతుంది, అనర్హులకు పోతోంది, ఇంకా పెంచితే మనదీ శ్రీలంకే.’ కింద నాలుగు దండం బొమ్మలు, ‘నిజమైతే షేర్ చేయండి’ అని ఒక ముక్క. నిజం కాదు కాబట్టి షేర్ చేయకుండా ఇది రాస్తున్నా.

మొదట ఆ ‘ఎలాగూ వస్తుంది’ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా మెసేజీ అంతా దాని మీదే నిలబడి ఉంది. ప్రైవేటులో పనిచేసి పీఎఫ్ కట్టినవాళ్ళకు వచ్చేది ఈపీఎస్-95 పెన్షన్. 1995 నవంబరులో మొదలైంది. యజమాని కట్టే వాటాలోంచి జీతంలో 8.33 శాతం ఇందులోకి పోతుంది, అదీ 15,000 జీతం వరకే లెక్క. కనీసం పదేళ్ళ సర్వీసు ఉండాలి, 58 ఏళ్ళకు పెన్షన్ మొదలవుతుంది. లెక్క మామూలుగా ఇలా వేస్తారు: చివరి ఐదేళ్ళ సగటు జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో హెల్పరుగా చేసిన పెద్దాయన ఒకాయన మా వీధిలోనే ఉన్నాడు. ఆయన చేసింది ఇరవై ఏళ్ళ పైమాటే, కానీ కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు, పాతది తీసేసుకోమనడం, ఈయన ఆ డబ్బు తీసి కూతురి పెళ్ళికో ఇంటి రేకులకో పెట్టుకోవడం, ఇలా చివరికి లెక్కలో మిగిలింది 11 ఏళ్ళు. రికార్డులో జీతం 7,000. గుణించి 70తో భాగించండి, 1,100 రూపాయలు వస్తుంది. ఇదీ కష్టపడినవాడికి ఎలాగూ వచ్చే పెన్షన్.

ఇందులో కనీస పెన్షన్ 1,000 అని 2014 సెప్టెంబరులో పెట్టారు, ఈరోజుకీ అదే. డీఏ, అంటే కరువు భత్యం, లేదు. ధరలు పెరిగితే పెరగదు. ఈ మెసేజీ మా గ్రూపులో పెట్టిన సారు రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి, ఆయన పెన్షన్‌కు కరువు భత్యం కలుస్తుంది, అది ఆలస్యమైతే అదే గ్రూపులో పేజీలకు పేజీలు రాస్తాడు. రాయాల్సిందే, అది ఆయన హక్కు, నాకేం పేచీ లేదు. ధరలు పెరిగేది ఆయన ఇంట్లోనేనా అన్నదే నా డౌటు.

అసలు పీఎఫే లేనివాళ్ళ మాట ఇంకో తీరు. పీఎఫ్ చట్టం వర్తించేది మామూలుగా 20 మంది, అంతకు మించి పనిచేసే చోటే. బస్టాండు చుట్టూ, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఎన్ని లాడ్జీలు, ఎన్ని టిఫిన్ హోటళ్ళు, ఎన్ని పూలకొట్లు! వాటిలో ఎన్నిట్లో రిజిస్టర్‌లో 20 పేర్లు కనబడతాయో మీరే ఊహించుకోండి. మా వీధి చివర అవ్వ ఒక లాడ్జీలో దుప్పట్లు ఉతికి, బాత్రూములకు యాసిడ్ పోసి కడిగి ముసలిదైపోయింది. ఒకటో తారీకు పొద్దున సచివాలయం అమ్మాయి పెన్షన్ ఇవ్వడానికి వేలిముద్ర మెషీన్ పట్టుకొని వస్తే ఆ బొటనవేలు పడదు. చీర కొంగుతో తుడుస్తుంది, మళ్ళీ పెడుతుంది, చూపుడువేలు పెడుతుంది, ‘అదే అరిగిపోయుండాదమ్మా, నేనేం చేసేది’ అంటుంది. చివరికి ముఖం ఫొటోతో పని అవుతుంది. ఈమెను పని చేయని మనిషి అనాలంటే నాకు నోరు రాదు.

‘దాచుకోవాల్సింది’ అంటారు. ఎక్కడ? అసంఘటిత రంగం వాళ్ళ కోసమని అటల్ పెన్షన్ యోజన వచ్చింది 2015లో, చేరడానికి వయసు 18 నుంచి 40. శ్రమయోగి మాన్‌ధన్ వచ్చింది 2019లో, దానికీ 18 నుంచి 40. ఇప్పుడు అరవై దాటినవాళ్ళకు ఆ పథకాలు వచ్చేసరికే యాభై దగ్గరపడింది. గేటు వేసేసి లోపలికి ఎందుకు రాలేదని అడిగితే ఎట్లా?

‘మన పన్నుల డబ్బు’ గురించి రెండే మాటలు. అవ్వ చేతిలోని బటన్ ఫోన్‌కు రీచార్జి చేస్తే జీఎస్టీ 18 శాతం, మీ ఐఫోన్‌కు చేసినా అంతే. ఇక రాజ్యాంగం 41వ అధికరణం, ముసలితనంలో, జబ్బులో, నిరుద్యోగంలో ప్రభుత్వ సాయం అందేలా చూడమని రాజ్యాన్ని ఆదేశించింది. అది దానధర్మం కాదు.

సోమరితనం అంటున్నారు కదా, 4,000ను 30 రోజులతో భాగిస్తే రోజుకు 133 రూపాయలు. పైగా వికలాంగులు, తీవ్రమైన జబ్బులున్నవాళ్ళ లాంటి కొందరిని మినహాయిస్తే ఇంటికి ఒకటే పెన్షన్. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ అరవై దాటితే మనిషికి 66. ఆ 66తో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, బియ్యం కాక మిగతా సరుకులు, అద్దె. అది కూడా నెలకు కరెంటు 300 యూనిట్లు దాటితే రాదు. మా ఊళ్ళో ఒకే మీటరు మీద రెండు మూడు పోర్షన్లు నడిచే ఇళ్ళు బోలెడు, ఎవరి ఆధార్ ఆ మీటరుకు తగిలితే వాళ్ళ ఖర్మ. మందుషాపుకు పోతుందన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. తాగేవాడు ఉండొచ్చు, జీతాలు తీసుకునేవాళ్ళలో లేరా?

పిల్లలు వదిలేస్తారు అన్నది నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించింది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 నుంచే ఉంది. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌లో కేసు పెట్టొచ్చు, ఆ చట్టం ప్రకారం నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. ఏ తల్లి వెళ్తుంది కన్నకొడుకు మీద కేసు పెట్టడానికి? అదీకాక చెన్నైలో డ్రైవరుగానో బెంగళూరులో సెక్యూరిటీగానో చేసే కొడుకుకు అక్కడి అద్దె పోను మిగిలేదెంత? నేను చూసినంతలో పెన్షన్ వచ్చే ముసలమ్మకు ఇంట్లో మర్యాద పెరిగింది. కోడలు కూడా ‘అత్తా, కాఫీ తాగుతావా’ అంటోంది. (నవ్వకండి, నిజం.)

ఈ మెసేజీలో ఒక్క చోట కొంచెం సరుకు ఉంది: అనర్హులకు పోతోంది అన్న ముక్క. అవును, పోతోంది. అందుకే 2025లో దివ్యాంగుల పెన్షన్లను డాక్టర్లతో మళ్ళీ తనిఖీ చేయించారు, అందులో నిజంగా వైకల్యం ఉన్నవాళ్ళకూ నోటీసులు పోయి గోల అయింది. దొంగ సర్టిఫికెట్ వాళ్ళను ఏరండి, ఎవరొద్దన్నారు. దానికీ అరవై దాటిన కూలిమనిషికి ఎంత ఇవ్వాలన్నదానికీ ఏం సంబంధం?

ఇక శ్రీలంక. 2022లో ఆ దేశం కూలింది డాలర్లు అయిపోయి, 2019లో పన్నులు అడ్డగోలుగా తగ్గించి, కోవిడ్‌లో టూరిజం పోయి, 2021లో రసాయన ఎరువులు ఆపి. అవ్వల పెన్షన్లతో కాదు. రాష్ట్రం మీద భారం లేదని నేను అనను, నెల నెలా 60 లక్షల మందికి పైగా ఇవ్వడం చిన్న ఖర్చు కాదు. కానీ భారం ఎవరు మోస్తున్నారో చూడండి. 2014 అక్టోబరుకు ముందు 200 ఉన్న రాష్ట్ర పెన్షన్ అప్పుడు 1,000 అయింది, 2019 మొదట్లో 2,000, 2024 జనవరికి 3,000, జులైలో 4,000. పార్టీలు మారినా పెంచుతూనే వచ్చారు. అదే కేంద్రం వృద్ధాప్య పెన్షన్‌లో ఇచ్చే వాటా 2007లో 200, ఇప్పుడూ 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకు అదే 200. ఎనభై దాటితే 500.

కాబట్టి కోపం ఉంటే కేంద్రం వైపు తిప్పండి. ఈపీఎస్ కూడా కేంద్రం చేతిలోదే, ఆ పెన్షనర్లు కనీసం 7,500 ఇచ్చి డీఏ కలపమని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. అంత కుదరదంటే బేరమాడండి, ముందు 4,000తో సమానం చేసి ధరలతో ముడిపెట్టండి. ఇది రాష్ట్ర ఖజానా నుంచి తీసేది కూడా కాదు. ఏళ్ళ తరబడి వాళ్ళ కష్టం మీద కట్టిన డబ్బు ఉన్న పథకమే అది.