ఫ్రేమ్‌కి చిల్లు పడేదాకా ఆగాలా?

అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో పాత టొయోటా టకోమా పికప్ ట్రక్కులు నడిపేవాళ్ల బాధ వింటే ఒళ్లు మండిపోతుంది. ఇంజిన్‌కు ఏ లోటూ ఉండదు, లక్షల మైళ్లు తిరుగుతుంది. బండి మొత్తాన్నీ మోసే ఫ్రేమ్ మాత్రం తుప్పు పట్టిపోతుంది. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, బురదతో కలిసి లోపల పేరుకుపోయి ఇనుమును తినేస్తుంది. పైకి నల్లగా బాగానే కనిపిస్తుంది. వెనక లీఫ్ స్ప్రింగుల (కుదుపులు తట్టుకునే ఇనుప పట్టీల) దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే అప్పడంలా విరిగి, ఎర్రటి పెచ్చులు రాలతాయి.

ఈ గొడవ మీద ఓనర్లకూ టొయోటాకూ మధ్య 2016లో కోర్టులో రాజీ కుదిరింది. 2005-2010 టకోమాలు, అదే కంపెనీ పెద్ద బండ్లు కొన్ని టండ్రాలు, సెకోయాలు కలిపి సుమారు 15 లక్షల బండ్లు. విలువ 340 కోట్ల డాలర్ల దాకా అంచనా వేశారు. అంతా బాగానే ఉంది, షరతు చూస్తేనే మండుతుంది. 10 మిల్లీమీటర్ల చిల్లు పడితేనే ఫ్రేమ్ మార్చేవారట! అంతకన్నా చిన్నదైతే తుప్పు ఆపే మందు పూసి పంపించేసేవారు.

పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్లే మనిషి ఆ చిల్లు పెద్దదయ్యేదాకా టెన్షన్‌తో బతకాలా? పైగా గడువొకటి, అదీ ఇప్పుడు అయిపోయింది. ఇక ఫ్రేమ్ విరిగితే వేల డాలర్లు ఓనరే కట్టుకోవాలి. చిల్లు ఎంతుందో కాదు, మిగిలిన ఇనుము మందం ఎంతో కొలిచి మార్చాలి. అడిగేది అదొక్కటే.