ఎమ్మెల్యేగారి నోట గుత్తివంకాయ

టీవీ చానళ్లలో ప్రసారాన్నంతా నడిపించే మాస్టర్ కంట్రోల్ రూములో రౌటర్ ప్యానెల్ అనే మీటల పలక ఒకటి ఉంటుంది. ఇళ్లలో ఇంటర్నెట్ కోసం మిణుకుమిణుకుమనే డబ్బాకూ దీనికీ పేరులో తప్ప బంధుత్వం లేదు. కెమెరాలు, సర్వర్లు, బయటి నుంచి ప్రసారం పంపే ఓబీ వ్యాన్ల నుంచి వచ్చే సిగ్నళ్లు సోర్సులు. అవి చేరవలసిన రికార్డర్లు, మానిటర్లు, పెద్దవారి గదుల్లోని టీవీలు డెస్టినేషన్లు. ఒక సోర్సును ఒక డెస్టినేషన్‌కు పంపాలంటే డెస్టినేషన్ మీట, సోర్స్ మీట, ఆపైన ‘టేక్’ మీట వరుసగా నొక్కాలి. సోర్స్ నొక్కగానే మారిపోయే పద్ధతి కూడా ఉంది గాని, మోచేయి తగిలినా ప్రసారం మారిపోయే ఆ ఏర్పాటును ఇష్టపడేవారి ధైర్యానికి నమస్కరించడం తప్ప నేను చేయగలిగింది లేదు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి వచ్చే 1080 గీతల ఇంటర్లేస్ చిత్రమైతే, చూసేవారికి అదురు తెలియకుండా 7వ గీత వద్దనో 569వ గీత వద్దనో రౌటర్ సిగ్నల్‌ను మారుస్తుంది. టీకి వెళ్లిన ఇంజినీరు ఏ గీత వద్ద తిరిగి రావాలో నిర్ణయించే ప్రమాణం మాత్రం ఇంకా రాలేదు.

ఈ ప్యానెల్‌లో చిత్రానికీ శబ్దానికీ వేర్వేరు లెవెళ్లు, అంటే విడివిడి దారులు, ఉంటాయి. రెండింటినీ విడదీసి పంపడాన్ని బ్రేకవే అంటారు. స్టేడియం నుంచి చిత్రం తీసుకొని, దానికి తెలుగు వ్యాఖ్యానం జతచేయాలంటే ఇంతకంటే ఉపకారి మరొకటి లేదు. మా చానల్‌లో ఒక రాత్రి షిఫ్టు ఇంజినీరు ఎండీగారి గదిలోని టీవీకి ఏదో పరీక్ష కోసం వంటల కార్యక్రమపు ఆడియోను మాత్రమే పంపి, ఎవరూ కదపకుండా ‘ప్రొటెక్ట్’ నొక్కి, ఆ సంగతి మరచి ఇంటికి వెళ్లిపోయాడు.

మరునాడు సాయంత్రం ఎండీగారు ఒక ఎమ్మెల్యేగారిని, ఆయన ఇంటర్వ్యూ ఆయనకే చూపించడానికి, స్వయంగా ఆ గదికి తీసుకువచ్చారు. తెర మీద ఎమ్మెల్యేగారు ఆవేశంగా వేలు చూపించి, మధుర స్త్రీ కంఠంతో “ముందుగా నూనె బాగా కాగనివ్వాలి” అన్నారు. ప్రభుత్వ వైఫల్యాలను వేళ్ల మీద లెక్కపెడుతూ “పల్లీలు, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి” అన్నారు. చివరికి బల్ల గుద్ది, “మూత పెట్టి సన్నని సెగ మీద మగ్గనివ్వండి” అని హెచ్చరించారు.

కంట్రోల్ రూములో ఫోను మోగింది. కొత్తగా చేరిన కుర్రవాడు సోర్స్ మీట నొక్కి, “అయిపోయింది సార్, లైటు వెలుగుతోంది” అన్నాడు. “వెలగడం లేదు నాయనా, ఆరుతూ వెలుగుతోంది, అంటే నీ టేక్ కోసం ఎదురుచూస్తోంది” అన్నారు షిఫ్ట్ ఇన్‌చార్జి. టేక్ నొక్కితే ప్యానెల్ ఒప్పుకోలేదు. ప్రొటెక్ట్ చేసిన డెస్టినేషన్‌ను ఆ పని చేసిన ప్యానెల్ నుంచి మాత్రమే మార్చగలం. ఆ ప్యానెల్ కింది అంతస్తులోని పరికరాల గదిలో ఉంది, ఆ గది తాళం చెవి ఉన్న మనిషి క్యాంటీన్‌లో ఉన్నాడు. ఆయనను పిలిపించి రక్షణ తొలగించేలోపు కుర్రవాడు ఊరికే ఉండలేక కనబడిన మీటలన్నీ సవరించాడు. దాంతో ఇన్‌చార్జి ఎంతో ఆశగా నొక్కిన టేక్‌కు ఇంటర్వ్యూ చిత్రం స్థానంలో అదే ఇంటర్వ్యూ చిత్రం, అణువంత అదురైనా లేకుండా, వచ్చి కూర్చుంది. వంకాయ మాత్రం మగ్గుతూనే ఉంది. వీడియో లెవెల్ ఒక్కటే వెలుగుతోందని గమనించి, అన్ని లెవెళ్లూ ఎంచుకొని మళ్లీ టేక్ నొక్కాక ఎమ్మెల్యేగారి గొంతు ఎమ్మెల్యేగారికి దక్కింది.

వెంటనే ఎండీగారి ఫోను వచ్చింది. “ఎవరయ్యా మార్చింది? చింతపండు రసం ఎంత పోయాలో చెప్పబోతుండగా తీసేశారు. ఎమ్మెల్యేగారి పీఏ కాగితం మీద రాసుకుంటున్నాడు.”

ఇన్‌చార్జి మారుమాట్లాడకుండా ఆడియో లెవెల్ ఒక్కటే ఎంచుకొని, వంటల కార్యక్రమం మీట నొక్కి, టేక్ నొక్కి, ఈసారి ప్రొటెక్ట్‌తో సరిపెట్టక, ఏ ప్యానెల్ నుంచీ ఎవరూ మార్చలేని ‘లాక్’ వేసి, క్యాంటీన్‌కు బయలుదేరారు.