మూడు వేల కొవ్వొత్తి క్లాసూ, మా అమ్మ వత్తులూ

మొన్న ఆదివారం మా వీధి చివరింటి అమ్మాయి చేతిలో గాజు గ్లాసు పట్టుకుని వచ్చింది. అందులో తెల్లటి సోయా కొవ్వొత్తి, పైన ఎండు గులాబీ రేకులు, ఓ పక్కన దాల్చిన చెక్క ముక్క. పెళ్లిలో ఇచ్చే రిటర్న్ గిఫ్టులా ముద్దుగా ఉంది. "అక్కా, వెలిగిస్తే పావుగంటకే ఆరిపోతోంది. రెండోసారి వెలిగిస్తే గులాబీ రేకు అంటుకుని ఇంత మంట లేచింది. నేనేం తప్పు చేశాను?" అని అడిగింది.

నీ తప్పేం లేదమ్మా. మూడు వేలు కట్టి ఒక్కరోజు క్లాసుకి వెళ్లావు, అంతే.

ఆ క్లాసు ఎవరిదో ఇక్కడ రాయను, రాసినా లాభం లేదు. రేపు ఇంకొకరు పెడతారు. శ్రీకాకుళంలో మగ్గం వర్కు క్లాసులయ్యాయి, కేకు క్లాసులయ్యాయి, ఇప్పుడు కొవ్వొత్తుల వంతు. "ఇంట్లో కూర్చుని నెలకు ముప్పై వేలు" అని వాట్సాప్‌లో పోస్టరు. పొద్దున పదికి మొదలుపెట్టి సాయంత్రం నాలుక్కి సర్టిఫికెట్ చేతిలో పెట్టారట. ఆ ఆరు గంటల్లో మైనం కరిగించారు, రంగు కలిపారు, సెంటు కలిపారు, గ్లాసుల్లో పోశారు, బోలెడు ఫొటోలు దిగారు. వెలిగించారా అని అడిగాను. "లేదక్కా, గట్టిపడటానికే టైమ్ సరిపోయింది" అంది. వంట క్లాసుకి వెళ్లి కూర నోట్లో వేసుకోకుండా ఇంటికొచ్చినట్టుంది ఈ కథ.

నేను పెద్ద నిపుణురాలినేం కాదు. రెండేళ్లుగా సరదాకి చేస్తున్నాను. పాడుచేసిన మైనం అయిదారు కిలోలుంటుంది. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

మొదటి కిలో సోయా వ్యాక్స్ ఆన్‌లైన్‌లో తెప్పించింది మే నెలలో. అంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. రేకుల్లా విడివిడిగా రావాల్సిన మైనం సంచిలో ఒకే ఇటుకలా అతుక్కుపోయి వచ్చింది. గ్లాసుల్లో పోసుకునే రకం సోయా వ్యాక్స్ దాదాపు 45 నుంచి 50 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మన ఎండలకి పార్సిల్ బండి లోపల ఎంత వేడుంటుందో మీరే ఊహించుకోండి. కత్తిపీట మీద ముక్కలు కోస్తుంటే మా అమ్మ వచ్చి ఓ ముక్క వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఏటే ఇది, డాల్డా కొన్నావేటి?" అంది. నవ్వేశాను. తర్వాత చదివితే తెలిసింది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని. సోయా నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే గడ్డకడుతుంది. డాల్డా తయారయ్యేదీ అలాగే, సోయా వ్యాక్స్‌కి ఇంకాస్త ఎక్కువ ఎక్కిస్తారు. 1990ల మొదట్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మైఖేల్ రిచర్డ్స్ అనే ఆయన తేనెమైనం కంటే చౌకగా దొరికేది ఏదైనా ఉందా అని వెతుకుతూ దీన్ని కొవ్వొత్తుల్లోకి తెచ్చాడు.

ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. మనం కొవ్వొత్తి అంటాం కదా, ఆ మాటలోనే కొవ్వు ఉంది. పూర్వం పశువుల కొవ్వుతో చేసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో పెట్రోలియం నుంచి తీసే పారాఫిన్ వచ్చి కొవ్వు మాయమైంది, పేరు మాత్రం మిగిలింది. సోయా వ్యాక్స్ పేరుకే మైనం, నిజానికి అది గట్టిపడిన కొవ్వు. అంటే ఇన్నాళ్లకి మళ్లీ కొవ్వొత్తికి ఆ పేరు సరిపోయింది. దీన్ని పట్టుకుని "సోయా క్యాండిల్" అనాల్సిన పనేముందో నాకర్థం కాదు.

ఇక "కెమికల్స్ లేవు, పొగ రాదు" అనే ప్రచారం. మైనం సోయా అయినా అందులో కలిపే మల్లె సెంటు ఫ్యాక్టరీలో తయారైనదే. అసలు మల్లె సారం కలిపితే ఆ కొవ్వొత్తి కొనడానికి మనం బంగారం తాకట్టు పెట్టుకోవాలి. వత్తి పొడుగ్గా వదిలేస్తే సోయా అయినా గ్లాసు అంచుకి మసి పట్టిస్తుంది. పారాఫిన్ని విషంలా చూపించి సోయా అమ్ముకోవడం నాకు నచ్చదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత, కరెంటు లేని ఆ రాత్రుళ్లు మా ఇంటిని వెలిగించినవి కిరాణా కొట్టు తెల్ల పారాఫిన్ కొవ్వొత్తులే. గ్లాసుల్లో పోసే సోయా మెత్తన, గ్లాసు లేకపోతే సొంతంగా నిలబడదు. తుఫాను రాత్రి లావెండర్ వాసన ఎవరికి కావాలి?

సరే, అసలు విషయం వత్తి. మా అమ్మ కార్తీక మాసానికి నెల ముందు నుంచే పత్తి ముందేసుకుని కూర్చుంటుంది. గింజలు తీసి, పత్తిని వేళ్లతో దువ్వి, తొడ మీద ఒక్క తోపు తోస్తే వత్తి తయారు. చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ ఆవిడ రెండు డబ్బాల్లో వేరువేరుగా వేస్తుంది. ఎందుకమ్మా అంటే, "సన్నొత్తులు నువ్వుల నూనికి, లావొత్తులు ఆవుదానికి. ఆవుదం సిక్కన కదే, సన్నొత్తి లాగలేదు, ఆరిపోద్ది" అంది. నాకు అక్కడ లైటు వెలిగింది. కరిగిన సోయా కూడా పారాఫిన్ కంటే చిక్కనే. అదే గ్లాసుకి పారాఫిన్‌లో సరిపోయే వత్తి సోయాలో సరిపోదు, ఇంకో సైజు పెద్దది కావాలి. మూడు వేలు తీసుకున్న క్లాసులో చెప్పని ముక్క మా అమ్మ వత్తుల డబ్బాలో దొరికింది.

ఆ అమ్మాయి గ్లాసులో జరిగిందీ అదే. వెడల్పు గ్లాసు, సన్న వత్తి. మంట చుట్టూ రూపాయి బిళ్లంత మేర మాత్రమే కరిగింది. గోడల దగ్గర మైనం అలాగే ఉండిపోయి మధ్యలో గుంట పడింది, ఆ గుంటలో చేరిన నూనెలో వత్తి మునిగి ఆరిపోయింది. నా మొదటి కొవ్వొత్తి కూడా ఇలాగే అయితే అమ్మ తొంగి చూసి, "నుయ్యి తవ్వేసినావు కదే" అంది. ఇంగ్లీషులో దీనికి టన్నెలింగ్ అని పేరుంది గానీ, నుయ్యి అంటేనే బాగుంది.

అలాగని లావు వత్తి పెట్టేస్తే సరిపోదు. రెండోసారి నేను చేసిన పని అదే. టీ కొట్టు గ్లాసులాంటి పల్చటి గ్లాసులో బాగా లావు వత్తి పెట్టాను. మంట బొటనవేలంత ఎత్తున లేచి ఊగుతూ, గ్లాసు అంచు నల్లగా చేసింది. వత్తి కొసన పుట్టగొడుగులా బొగ్గు గడ్డ కట్టింది. మైనం అడుగంటేదాకా అలాగే వదిలేశాను. రాత్రి పదిన్నరకి టప్‌మని చప్పుడు. గ్లాసు అడుగు పగిలి, వేడి మైనం టీవీ స్టాండ్ మీద నుంచి కిందికి కారింది. అదృష్టం బాగుండి మంట ఆరిపోయింది. అప్పటి నుంచి వేడి తట్టుకునే మందపాటి గ్లాసే వాడతాను, అడుగున సెంటీమీటరు మైనం మిగిలి ఉండగానే ఆర్పేస్తాను. ఆ మిగిలిందాన్ని చూసి బాధపడకండి, మీ టీవీ కంటే చౌక.

అమ్మ చేసిన వత్తినే గ్లాసులో పెట్టి చూశానా అంటే, చూశాను. మాకు పొందూరు ఎంత దూరమని, పత్తికి కరువా! వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికే ఊరు పక్కన ఉండి ఆన్‌లైన్‌లో వత్తులు కొనడమేమిటని పౌరుషం వచ్చింది. పనిచెయ్యలేదు. తొడ మీద తోసిన వత్తి కాలుతున్న కొద్దీ కొస నిటారుగా బొగ్గై నిలబడుతుంది, దీపంలో అయితే మనం పుల్లతో ఎగదోస్తాం, కొసన మసి దులుపుతాం. గ్లాసులో ఆ వీలు లేదు. కొవ్వొత్తుల వత్తి జడలా అల్లి ఉంటుంది. అల్లిక వల్ల కాలేటప్పుడు కొస పక్కకి వంగి మంట అంచున బూడిదైపోతుంది, తనను తానే కత్తిరించుకుంటుందన్నమాట. 1820లలో ఫ్రాన్స్‌లో కనిపెట్టిన కిటుకు ఇది. అంతకు ముందు కొవ్వొత్తి పక్కన కత్తెర పట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. సోయాకి ఇప్పటికీ ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని అయిదారు మిల్లీమీటర్లకి కత్తిరించాలి, అది వేరే సంగతి.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకే రకం గ్లాసు, ఒకే మైనం తీసుకోండి, వత్తులు మాత్రం మూడు సైజులు కొనండి. సెంటు లేకుండానే మూడు గ్లాసులు పోసి వెలిగించి చూడండి. రెండు మూడు గంటల్లో కరిగిన మైనం గ్లాసు గోడల దాకా చేరాలి, లోతు సెంటీమీటరుకి అటూ ఇటూగా ఉండాలి, మంట ఊగకుండా నిలబడాలి. గంటకోసారి చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. నాలుగు గంటలకి మించి ఒక్క బిగిన వెలిగించొద్దు. సెంటు కలిపాక మళ్లీ ఇదే పని చెయ్యాలి, ఎందుకంటే సెంటు మారితే మంట తీరు మారిపోతుంది. విసుగే. ఈ విసుగు పుట్టించే పనిని ఫొటోలు తీసి పోస్టరు మీద వెయ్యలేరు కాబట్టే క్లాసులో ఉండదని నా అనుమానం.

ఇందులో మన ఊరికే ప్రత్యేకమైన తిప్పలు ఇంకొకటి ఉంది, ఫ్యాను. వీడియోల్లో వెలిగించేవాళ్లంతా చలిదేశాల్లో కిటికీలు మూసుకుని కూర్చుని ఉంటారు. మనకి ఫ్యాను లేకుండా గంట గడవదు. ఫ్యాను కింద మంట ఒక పక్కకి వాలి, ఆ పక్కే కరిగి, గ్లాసు ఒకవైపు మసిబారుతుంది. దాన్ని చూసి వత్తి బాలేదని పారేస్తే తప్పు మనదే. అందుకని పరీక్ష రోజున మా హాల్లో మూడు గంటలు ఫ్యాను బంద్. మా నాన్న బనీను తీసేసి, పేపరుతో విసురుకుంటూ నా వైపు చూసే చూపు వర్ణించలేను.

కొలతల సంగతి త్వరగా చెప్పేస్తాను. కిలో మైనానికి 60 గ్రాముల సెంటు, అంటే ఆరు శాతం, మొదట్లో చాలు. గ్రాములే, మూతలతో కొలవొద్దు, వంటింటి కాటా వాడండి. నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. నేరుగా స్టవ్ మీద పెడితే వేపుడు నూనెలాగే అంటుకోగలదు, అంటుకుంటే నీళ్లు పోయకుండా స్టవ్ ఆపి మూత పెట్టాలి. థర్మామీటరు 80 దగ్గర చూపించినప్పుడు సెంటు వేసి రెండు నిమిషాలు మెల్లగా తిప్పి, 60కి చల్లారాక పోస్తాను. మీ మైనం సంచి మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. తర్వాత మూత పెట్టి వారం పది రోజులు ముట్టుకోవద్దు, అప్పుడే వాసన సరిగ్గా పడుతుంది. ఆవకాయ ఊరే దాకా ఆగే జాతికి ఇదో లెక్కా? కొన్నాళ్లకి పైన తెల్లటి మంచు పొడిలాంటిది వస్తే భయపడకండి, అది సోయా స్వభావం, కొవ్వొత్తి పాడైనట్టు కాదు. ఎండాకాలంలో పైన చెమట పట్టినట్టు సెంటు బొట్లు తేలడం కూడా చూశాను. తుడిచేసి చల్లటి చోట పెట్టాను.

పిల్లల క్రేయాన్లు కరిగించి రంగు వెయ్యకండి, వాటిలోని రంగు పొడి వత్తిలో ఇరుక్కుంటుంది. పైన పూలూ ఆకులూ అసలొద్దు, అవి కూడా వత్తులే అవుతాయి. గిన్నెలో మిగిలిన మైనం సింకులో పొయ్యకండి. నేను పోశాను. ప్లంబరు అయిదు వందలు తీసుకుని, పైపులోంచి తెల్లటి కర్రలాంటిది లాగి, "ఇదేటమ్మా, నెయ్యా?" అని అడిగాడు. అమ్మ డాల్డా, ఆయన నెయ్యి. మైనం అన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

నెలకు ముప్పై వేల లెక్క కూడా చూద్దాం. నేను కొన్న ధరల్లో కిలో మైనం 420, సెంటు 180, కిలోకి ఆరు గ్లాసులొస్తాయి. అంటే ఒక్కో దానికి ఆ రెండూ కలిపి వంద. మందపాటి గ్లాసు, మూత, వత్తి, పెట్టె కలిపి ఇంకో డెబ్బై. నూట డెబ్బై పెట్టి చేసింది మూడొందల యాభైకి అమ్మితే 180 మిగులుతుంది. ముప్పై వేలు రావాలంటే నెలకి నూట అరవై ఏడు కొవ్వొత్తులు, నా కష్టం, పాడైనవి, కొరియరు కలపకుండా. ఏడు రోడ్ల జంక్షన్లో నిలబడి అరిచినా నెల నెలా అన్ని అమ్ముడవుతాయా? చుట్టాలు మొదటి దీపావళికి కొంటారు, రెండో దీపావళికి ఊరికే ఇమ్మంటారు. మేలో హైదరాబాద్ పంపితే దారిలోనే కరిగి మూతకి అంటుకుంటుంది.

వ్యాపారం చెయ్యొద్దని నేననను. చేసేవాళ్లున్నారు, బాగానే చేస్తున్నారు. కానీ అమ్మేది నిప్పు. ఎవరింట్లోనో, పిల్లల పక్కన, కర్టెన్ల పక్కన వెలుగుతుంది. మీ ఇంట్లో చివరిదాకా కాల్చి చూడనిదాన్ని ఇంకొకరింటికి పంపకండి. ఆ అమ్మాయి అప్పటికే పన్నెండు ఆర్డర్లు తీసుకుంది, అన్నీ గులాబీ రేకులవే. డబ్బులు వెనక్కిచ్చేయమన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది గానీ ఇచ్చేసింది. రేకులన్నీ ఏరి, మైనం మళ్లీ కరిగించి, ఈసారి నా దగ్గరున్న మూడు సైజుల వత్తులతో మూడు గ్లాసులు పోశాం.

ఈ పోస్టు రాస్తుండగానే ఆ మూడూ హాల్లో వెలుగుతున్నాయి. రెండు గంటల నలభై నిమిషాలైంది. మధ్య గ్లాసులో మైనం గోడల దాకా చేరింది, మొదటి దాంట్లో మళ్లీ నుయ్యి. మా నాన్న లేచి వెళ్లి ఫ్యాను స్విచ్ పక్కన నిలబడ్డారు. ఇంకో ఇరవై నిమిషాలు నాన్నా, ప్లీజ్.