గులాబీ మొక్కకు బదిలీ ఉత్తర్వులు

కలెక్టరును బదిలీ చేయాలంటే రాత్రికి రాత్రి జీవో వస్తుంది. టీచర్లకైతే పాయింట్లు, ఖాళీల జాబితా, వెబ్ ఆప్షన్లు, స్పౌజ్ కేటగిరీ అంటూ పెద్ద తతంగమే ఉంది. ఉద్యోగులను, టీచర్లను కొత్త జిల్లాలకు సర్దడానికి 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో పేరెత్తితే చాలు, స్టాఫ్ రూముల్లో టీ చల్లారేదాకా మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ నిన్నగాక మొన్న నాటిన గులాబీ మొక్కను గోడకు ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చాలంటే ఏ నెలలో మార్చాలి, ఎవరిని అడగాలి, సంతకం ఎవరు పెట్టాలి? చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఇంత పెద్ద లోటును ఇన్నేళ్లు ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చడానికి మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నడుం కట్టింది. వాళ్ల కృషిని నగర ప్రజల ముందుంచడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా ఒక మనవి. హైదరాబాదులో కూర్చుని గులాబీ చోటు మారింది అని రాస్తే పాఠకుల చూపు వెంటనే అసెంబ్లీ వైపు పోతుంది. ఆ గులాబీ పార్టీ ఫిరాయింపులకు కార్తెలతో, వానలతో పనిలేదు. కోర్టుల దాకా వెళ్లినా ఒక్క ఆకు వాడదు. నేను రాస్తున్నది నిజంగా ముళ్లున్న మొక్క గురించి.

రిపబ్లిక్ డే నాడు జెండా ఎగరేశాక, జనం ఇంకా ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉండగానే, సెల్లార్ ర్యాంపు పక్కన వరసగా గులాబీలు నాటారు. గేటు ముందు ఆగిన ట్రాలీ ఆటోలో కొన్నవే. 'కడియం మాల్ సార్, అన్నీ అంటు మొక్కలే' అని అమ్మినతను హామీ ఇచ్చాడు. గడ్డపార వేస్తే జానెడు మొరం, దాని కింద బిల్డరు పూడ్చిపెట్టిన టైల్స్ ముక్కలు వచ్చాయి. వచ్చినంత గుంటలోనే మొక్కలు దించి, నీళ్లు పోసి, ఫొటోలు దిగి, గ్రూపులో పెట్టారు. వారం తిరిగేసరికి అసలు సంగతి బయటపడింది. గులాబీకి రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. పక్కన లేచిన ఐదంతస్తుల బిల్డింగు పుణ్యమా అని ర్యాంపు దగ్గర ఎండ పొద్దున్నే ఓ అరగంట కనబడి వెళ్లిపోతుంది. మిగతా వెలుగంతా రాత్రిపూట కార్ల హెడ్‌లైట్లదే. కాబట్టి మొక్కల్ని మార్చాలి. ఇంతవరకు అందరూ ఏకగ్రీవం. ఎప్పుడు మార్చాలి అన్న దగ్గరే మన ప్రజాస్వామ్యం పని మొదలుపెట్టింది.

మొదటి మీటింగులోనే ఒక దుస్సంఘటన జరిగింది. కుర్చీలు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ భార్య, ఎవరూ అడక్కుండానే జవాబు చెప్పేసింది. 'ఏర్లు ఇంకా కవరు మట్టిలనే ఉంటయ్ సారూ. ఇయ్యాల పొద్దుమీకినంక తీసి బోరింగు పక్కన ఎండల పెట్టుండ్రి. మారినట్టు గూడ దానికి తెల్వది.'

శాస్త్రపరంగా ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదని నేనే ఒప్పుకుంటాను. నర్సరీ నుంచి వచ్చిన మొక్క వేర్లు ఆ ఎర్రమట్టి ముద్దలోంచి బయటి మట్టిలోకి పాకడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు తీస్తే తెగే వేరు దాదాపు ఉండదు. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టాలి, మట్టి ముద్ద విడిపోకుండా. కొత్తచోట మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట ముందే తవ్వి, పశువుల ఎరువు కలిపిన మట్టి సిద్ధంగా పెట్టుకోవాలి. మొక్క చుట్టూ జానెడు దూరంలో తవ్వి, కిందికి గోనెసంచి జొనిపి, ముద్దతో సహా ఎత్తాలి. కొమ్మ పట్టుకుని లాగకూడదు. అంటు కట్టిన బొడిపె మట్టిలో కూరుకుపోకుండా పైకి కనబడాలి. నాటాక నీళ్లు నిండుగా పోసి, నాలుగైదు రోజులు నీడ కడితే చాలు. కొత్త చిగురు కనబడేదాకా రసాయన ఎరువు జోలికి పోకూడదు.

నీళ్లు ముందే పెట్టుకుంటే మిగతాదంతా ఒక్క సాయంత్రంలో, ఒక్క మనిషి, ఒక్క గడ్డపారతో అయిపోయే పని. అక్కడే వచ్చింది చిక్కు. ఒక్క సాయంత్రంలో అయిపోయే పనికి అసోసియేషన్ ఎందుకు? పైగా ఆమెకు ఓటు హక్కు లేదు, మెయింటెనెన్స్ కట్టదు, గ్రూపులో మెంబరు కూడా కాదు. 'చూద్దాంలే అమ్మా' అని సెక్రటరీ గారు మర్యాదగానే పంపించారు.

తర్వాత అసలైన నిపుణులు మాట్లాడారు. నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయి లాప్‌టాప్ తెచ్చి వీడియోలు చూపించాడు. గులాబీని అది నిద్రాణంగా ఉన్నప్పుడే, అంటే ఆకులన్నీ రాలిపోయి, మంచు కరిగి, నేల మెత్తబడే వేళ మార్చాలని ఒక తెల్లాయన గంభీరంగా చెబుతున్నాడు. ఆయన చెప్పింది ఆయన ఊరికి అక్షరాలా నిజం. మన ఊళ్లో గులాబీ నిద్రపోదు. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే డిసెంబరుకల్లా విరగపూస్తుంది. చలికాలమే దానికి పండగ. ఈ తేడా ఎవరో ఎత్తి చూపితే అబ్బాయి తగ్గలేదు. నిద్రపోకపోతే నిద్రపుచ్చాలి గదా అన్నాడు. రోజూ మొక్కల మొదళ్లలో ఐసు ముక్కలు వేద్దాం అన్న ప్రతిపాదన మినిట్స్‌లోకి ఎక్కింది. ఫ్రిజ్ కరెంటు ఎవరి మీటరు మీద పడాలన్న దగ్గర ఆగింది.

రెండో అంతస్తు రిటైర్డ్ రెవెన్యూ అధికారి గారు ఫైలు లేనిదే మాట్లాడరు. గతంలో దీనికి పూర్వోదాహరణ ఉందా అని అడిగారు. ఉంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు చేయాలనుకున్నప్పుడు చేవెళ్ల దారిలో ఉన్న దాదాపు 900 మర్రిచెట్లు అడ్డొచ్చాయి. వాటిని కొట్టాలా, పెకలించి వేరేచోట నాటాలా, అక్కడే ఉంచి రోడ్డునే పక్కకు జరపాలా అని ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి, సంగతి గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మర్రికి అంత గౌరవం ఇచ్చిన జిల్లాలో గులాబీకి కనీసం ఆరు నెలలైనా ఇవ్వకపోతే అది వివక్ష కాదా అని ఆయన వాదన. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. (మర్రిచెట్టు వయసు ఎంత, గులాబీ వయసు ఎంత అని అడగబోయిన ట్రెజరర్‌ను కూర్చోబెట్టారు.)

మొదటి అంతస్తు పెద్దావిడ ఒక్కరే తేదీ చెప్పారు. 'రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయ్, దాని జోలికి పోకుండ్రి. ఇప్పుడన్న మార్చుండ్రి, లేకుంటే మిర్గం పడి రెండు వానలు గొట్టినంక మార్చుండ్రి.' మిర్గం అంటే మృగశిర కార్తె. ఆవిడ చెప్పింది కూడా సరైన మాటే. అందుకే దీన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇక్కడ పాఠకులు ఒక సూక్ష్మం గమనించాలి. కొత్తగా నాటిన మొక్క ఎప్పుడూ కొత్తగా నాటిన మొక్కగానే ఉండిపోదు. ఫిబ్రవరిలో ఈ ప్రశ్నకు జవాబు 'ఈ సాయంత్రమే'. మార్చి నెల చివరికొచ్చేసరికి వేర్లు ముద్ద దాటి మొరంలోకి, టైల్స్ ముక్కల సందుల్లోకి దూరాయి, పైన ఎండ ముదిరింది. అప్పుడు జవాబు 'ఇక ఆగండి'. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన ఎండలో వేర్లు తెగాయంటే, ఆకులు ఆవిరి చేసే నీటిని మిగిలిన వేర్లు అందించలేవు. తలలు వేలాడేసి రెండు మూడు రోజుల్లో మాడిపోతాయి. అప్పుడు జవాబు 'ముట్టుకోవద్దు, పొద్దున్నే నీళ్లు మాత్రం పోయండి'. జూన్‌లో వానలు నిలకడగా పడి నేల చల్లబడ్డాక, కొమ్మలు మూడోవంతు తగ్గించి మబ్బు పట్టిన రోజు చూసి మార్చొచ్చు. అదీ తప్పిపోతే వానలు వెనకబట్టాక, అక్టోబరులో ఎలాగూ కత్తెర వేస్తాం కనక, ఆ పనితోపాటే మార్చుకోవచ్చు.

అంటే నెలకో జవాబు. మా అసోసియేషన్ ప్రతి నెలా నిఖార్సయిన జవాబే ఆమోదించింది. కాకపోతే అది పోయిన నెల జవాబు. 'ఈ సాయంత్రమే మార్చాలి' అన్న తీర్మానం ఏప్రిల్ మూడో ఆదివారం మధ్యాహ్నం నెగ్గింది. గడ్డపార దొరక్కపోవడం వల్ల మొక్కలు బతికిపోయాయి. 'ఎండలు తగ్గేదాకా ఆగాలి' అన్న తీర్మానాన్ని జోరువానలో గొడుగులు పట్టుకుని ఆమోదించారు. మిర్గం రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు చేప ప్రసాదానికని సగం మంది వెళ్లారు, కోరం లేదు. ఆ తర్వాత ఆషాఢం. కొత్తగా నాటిన మొక్క కొత్త కోడలితో సమానం కాబట్టి నెల రోజులు పుట్టింటికి, అనగా కడియానికి, పంపాలా వద్దా అన్న చర్చ బోనాల దాకా సాగింది. రవాణా ఖర్చు ఎక్కువని మానుకున్నారు. శ్రావణంలో గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల ధరలు చూసి ట్రెజరర్ మళ్లీ లేచారు, ఈ మొక్కలు పూసి ఉంటే మనకెంత మిగిలేదని లెక్క చెప్పబోయారు. మళ్లీ కూర్చోబెట్టారు. ఎజెండాలో మాత్రం మొదటినుంచీ అదే శీర్షిక: 'ఇటీవల నాటిన గులాబీల మార్పు'.

జాప్యం వల్ల నష్టం జరిగిందని విమర్శించేవాళ్లకు మా దగ్గర సాక్ష్యం ఉంది. వరసలో చివరి మొక్క ఆగస్టుకల్లా ఆరడుగులు పెరిగింది. పొడవాటి లేతపచ్చ కొమ్మలు, సర్రున ర్యాంపు రెయిలింగు మీదికి ఎక్కాయి. ఎండ లేకున్నా ఇంత ఏపుగా పెరిగిందంటే మార్చకపోవడమే మంచిదయిందని సెక్రటరీ గారు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. వంగి చూస్తే కనబడే విషయం ఏమిటంటే, అంటు కట్టిన పై భాగం ఎప్పుడో ఎండి నల్లబడింది. పెరుగుతున్నదంతా అంటు కింద నుంచి వచ్చిన నాటు చిగురు. వచ్చినప్పుడే గిల్లేయాల్సింది. అది అమ్మినతను చూపించిన ఎర్ర గులాబీ పూయదు. కానీ సంఘంలో ఇలాంటి ఎదుగుదల కొత్తేమీ కాదు కనక ఎవరూ వంగి చూడలేదు.

ఇంకో సంగతి చెప్పడం మరిచాను. మొదటి మీటింగు అయిన మర్నాడే వరసలో ఒక మొక్క తగ్గింది. మినిట్స్‌లో 'ఒక మొక్క కానరావడం లేదు, చనిపోయినట్లు భావించడమైనది' అని రాసి, సంతాపం ప్రకటించకుండానే ముందుకెళ్లారు. మొన్న నవంబరులో బోరు మోటారు కాలిపోయి మెకానిక్‌తోపాటు సెక్రటరీ గారు అటు వెళ్తే, అక్కడ, బోరింగు పక్కన, నిండా ఎండలో, చనిపోయిన మొక్క గుత్తులు గుత్తులుగా పూసి ఉంది. కింద పశువుల ఎరువు, చుట్టూ ఇటుక ముక్కల పాదు. అంటు బొడిపె మట్టికి పైనే ఉంది. వాచ్‌మన్ భార్య జడలో అదే రంగు పువ్వు.

అత్యవసర సమావేశం జరిగింది. వాచ్‌మన్ దంపతులను ఏమీ అనలేదు, మేం అంత కఠినులం కాము. పువ్వు బాగుందని కూడా కొందరన్నారు. కానీ ఇది అనధికార బదిలీ. ఉత్తర్వు లేకుండా మారిన మొక్క బాగా పూసిందని ఊరుకుంటే రేపు పార్కింగు కూడా ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకుంటారు. ఫిబ్రవరి నుంచి మేం చేసిన చర్చకు అర్థమేముంటుంది? ఆ మొక్కను ముందు ర్యాంపు పక్కకు చేర్చాలి. అప్పుడు మాత్రమే దాన్ని అక్కడి నుంచి మార్చాలా వద్దా అన్న చర్చ చట్టబద్ధంగా సాగుతుంది.

'వద్దు సారూ, ఇప్పుడు బగ్గ ఏర్లు పోయినయ్, పూత మీదున్నది, తీస్తే మొత్తం వాడిపోతది' అని ఆమె అంది. దీన్ని సాంకేతిక అభ్యంతరంగా నమోదు చేసుకున్నాం.

తీర్మానం ఇలా ఉంది: 'సదరు మొక్కను తక్షణమే పూర్వస్థానమునకు చేర్చవలెను.' తక్షణం అంటే ఏ నెలో తేల్చడానికి ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. అందులో నేనూ ఒకణ్ణి.